జొన్నల ధరయు మగ్గపు బ్రదుకును

మన మహాసభ జరిగిన ప్రతి పర్యాయమును నూలు ధరను గూర్చి తీర్మానము చేయుట మనకు వాడుకయైనది. నూలు ప్రియమైనదని ప్రభుత్వమువారికి విజ్ఞప్తులు పంపుదుము, పత్రికలలో ప్రకటింతుము. ఇది యుచితమే. కాని మగ్గమును నమ్ముకొనిన యింటికి నూలెంతయో కూటిగింజయు నంతయే. నూలు లేనినాడు మగ్గము నిలుచును. గింజ లేనినాడు మగ్గముముందు కూర్చుండువాడే యుండడు. ఇట్లయ్యును ధాన్యపు ధరను రైతుల విషయమనియు, వర్తకుల విషయమనియు తలంచి మనము దాని జోలికి పోకున్నాము. గుంటూరు, ప్రకాశము సీమలలో కూటిగింజ ధర యే కాలమున నే కారణముచే హెచ్చెను, హెచ్చినప్పుడు నేతవాని గతి యేమయ్యెను అను విషయమును కులబాంధవులముందు, పోషకులముందు నుంచవలెనని మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

నేలయు గింజయు

1788లో నిజామునుండి యింగ్లీషు కంపెనీ వశమైన గుంటూరు సర్కారు 1859లో కృష్ణా మండలమున గలిసి, 1904లో మరల వేఱు మండల మయ్యెను. 1970లో ఒంగోలు మండల మేర్పడి 1972లో ప్రకాశమను పేరు దాల్చెను. 2022లో పల్నాడు, బాపట్ల మండలములు వేఱయ్యెను. పేరు లెన్ని మాఱినను నేల యొక్కటే. సముద్రతీరమున నిసుకపఱ్ఱ, కృష్ణ దిగువను వరిమాగాణి, తక్కిన దంతయు నల్లరేగడి మెట్ట. ఈ మెట్టకు జొన్నయే ప్రాణము. దానికి తోడు సజ్జ, వరిగ, కొఱ్ఱ. పల్నాటి జొన్నకూటిని గూర్చి శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువులను వినని తెలుగువాడు లేడు. ఆ కవి వెక్కిరించిన కూడే మన పూర్వులను తరతరములుగా బోషించినది.

జొన్న గింజను మనుష్యుడును చొప్పను పశువును తినుచుండెను. ఒంగోలు గిత్తలకు లోకప్రసిద్ధి కలిగించిన మేతలో జొన్నచొప్ప ముఖ్యము. పంట కోసిన పిమ్మట రైతు గింజలను నేలలో త్రవ్విన పాతరలలో బోసి మూసెడివాడు. ఆ పాతర రైతుకు మాత్రమే కాక యూరికంతకు నండ. మంచియేట నిండిన పాతర చెడ్డయేట తెఱవబడును. కనుక నొక్క సంవత్సరము వాన తప్పినను ధర వెంటనే మిన్నంటెడిది కాదు. వరుసగా రెండేండ్లు తప్పినచో మాత్రము పాతర యడుగు కనబడెడిది.

ఆ దినములలో ధర చెప్పు తీరును గమనింపదగినది. పుట్టికి ఇరువది తూములు, తూమునకు నాలుగు కుంచములు, కుంచమునకు నాలుగు మానికలు. అంగడిలో నేడు మనము కిలో యెన్ని రూపాయలని యడుగుదుము. వారు రూపాయి కెన్ని కుంచములని యడిగెడివారు. ధర హెచ్చెననుటకు బదులు కొలత తగ్గెననిరి. కుంచము తగ్గెనన్నప్పుడు ఇంటిలో నొక ముద్ద తగ్గెనని పిల్లవానికి సైతము తెలియును. ఈ లెక్కను పాఠకులు మనస్సున నుంచుకొందురుగాక. మా వాదమంతయు దీనిపైననే యాధారపడియున్నది.

నేతవాని సంవత్సరము

రైతుకు ధర హెచ్చుట కొన్ని వేళల లాభము. అమ్ముటకు గింజలున్నచో నతడు బాగుపడును. నేతవా డెప్పుడును కొనువాడే. మాఘ ఫాల్గునములలో జొన్న కళ్లము చేరినప్పుడు గింజ చౌక. ఆషాఢము వచ్చుసరికి గాదెలు తఱుగును, ధర యెక్కును, భాద్రపదము దాటినంతవఱకు దిగదు. సరిగా నా నెలలలోనే నేతవానికి పని తప్పును. వానకు గుంటమగ్గములో నీరూరును. పడుగు వీథిలో సాచి గంజిపెట్టి కుంచెతో దువ్వుటకు ఎండ చాలదు. సాచిన పడుగు తడిసిన నూలంతయు నష్టము. గింజ మిక్కిలి ప్రియమైన నెలలును, చేతిలో పైసలేని నెలలును ఒక్కటే యగుట మన వృత్తికి బ్రహ్మ వ్రాసిన వ్రాతవలె నున్నది.

మఱియొక విశేషము. పడుగునకు బెట్టు గంజియు గింజనుండి కాచినదే. మనుష్యుడు గంజి త్రాగినట్లే మగ్గమును గంజి త్రాగును. జొన్నలు, బియ్యము ప్రియమైనచో నేతవాని పొయ్యికి, పడుగునకు నొక్కసారియే దెబ్బ. కావున వానకాలమున నేతవాడు షావుకారు వద్దనో, మోతుబరి రైతు వద్దనో గింజ నాగునకు దెచ్చి, పంటవేళకు దానిపై నెక్కువ గొలిచి యిచ్చెడివాడు. చౌకనాటి గింజతో ప్రియమునాటి యప్పు తీర్చుటవలన నతని సంవత్సర మెన్నడును సరికి సరి కాకుండెను.

నందన సంవత్సరపు కఱవు

ఈ సీమ చరిత్రలో ధాన్యపు ధర జనమునే మ్రింగిన సంవత్సరము నందన, అనగా 1832-33. దీనిని నందన కఱవనియు, పెద్ద కఱవనియు, ప్రేతములవలె డొక్కలెండిన జనులను జూచి డొక్కల కఱవనియు బిలిచిరి. అంతకు ముందేడే పంట సరిగా లేదు. 1832 మే నెలలో గొప్ప తుపాను గొట్టెను. తరువాత వానలు ముఖము చాటువేసెను. 1833 ఆరంభమునకు గ్రామములు ఖాళీ యగుట మొదలయ్యెను. గుంటూరు మండలమున నున్న అయిదు లక్షల జనములో లక్షన్నర మొదలు రెండు లక్షలవఱకు మడిసిరని ఆనాటి యంచనాలు. చెన్నపట్టణము దారిపట్టినవారి యెముకలు రాజమార్గము ప్రక్కల బహుకాలము కనబడెనని చెప్పుదురు.

వాన లేమి కఱవునకు మొదటి కారణము. కాని ధర యంతగా నేల హెచ్చెను? ఇతర సీమలలో ధాన్యము లేకపోలేదు. అది యిక్కడికి వచ్చుటకు దారి లేకపోయెను. ఆ కాలమున మెట్టసీమలకు సరకు చేరవేయువారు లంబాడీలు. చినగంజాము మొదలగు తీరప్రాంతముల యుప్పును ఎద్దులపై నెత్తి పైసీమలకు గొనిపోయి, మఱలివచ్చునప్పుడు ధాన్యము దెచ్చెడివారు. జొన్న పండనియేట గింజయే కాదు, చొప్పయు లేదు. చొప్ప లేనిచో నెద్దు నడువదు. దారిలో మేతయు నీరును లేక చచ్చును. ఎద్దులు చచ్చినచో గింజ రాదు. గింజ యవసరము మిక్కుటమైనవేళనే దానిని దెచ్చు సాధనము నశించెను. ఇదియే నందన కఱవులోని మర్మము. కంపెనీ ప్రభుత్వమువారి సహాయమో, ఆలస్యముగను స్వల్పముగను లభించినది.

ఇక మనవారి మాట. కఱవునాడు మనుష్యుడు మొదట మానుకొనునది క్రొత్తబట్ట. ఉన్న కోకకు మాసికవేసికొని కట్టుకొనును. ఉన్న పైస గింజకు బెట్టును. అందువలన జొన్నల ధర హెచ్చిన దినముననే బట్టకు గిరాకి పడిపోవును. పైగా అప్పటికే కంపెనీవారు బట్టల కొనుగోళ్లను తగ్గించుకొనుచు వచ్చిరి. 1833 చార్టరు చట్టముతో వారి వర్తకమే ముగిసెను. మగ్గముపై మొహతర్ఫా యను పన్ను వేఱుగ నుండెను. ఇట్లు కొనువారు లేని సరకును, కొనలేని గింజను నడుమ నుంచుకొని మన పూర్వులు నిలిచిరి. ఆ యేట నెందఱు నేతవారు పోయిరో విడిగా లెక్క వ్రాసినవారు లేరు.

దారులు తెఱచిన పిమ్మట

నందన కఱవు తరువాత పెక్కేండ్లవఱకు మండలాదాయము కోలుకొనలేదు. 1846లో వాల్టరు ఎలియట్టుగారు గుంటూరు స్థితిని విచారించి నివేదిక వ్రాసిరి. సర్ ఆర్థరు కాటనుగారు నీటిపారుదల కొఱకు వాదించుటలో గుంటూరు కఱవును తఱచుగ నుదాహరించిరి. ధవళేశ్వరమున 1847-52 నడుమ గోదావరికిని, బెజవాడవద్ద 1852-55 నడుమ కృష్ణకును ఆనకట్టలు గట్టబడెను. డెల్టా పచ్చబడెను. కాలువలలో పడవలు నడిచెను. 1899 నాటికి బెజవాడనుండి చెన్నపట్టణమునకు తీరము వెంబడి రైలు నడిచెను. ఇక గింజ దారి లేక నిలిచిపోవు కాలము తీఱెను.

కాని దారి కొక స్వభావము గలదు. దాని వెంట గింజ లోనికి వచ్చును. ఆ దారినే వెలుపలికి బోవును. ధాత సంవత్సరమున, అనగా 1876-78 మహాక్షామమున, కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు సీమలు మాడిపోయెను. కృష్ణా గోదావరీ డెల్టాలు పండెను. డెల్టా ధాన్యము కఱవుసీమలకు బోయి యెందఱినో బ్రదికించెను. అది పుణ్యమే. డెల్టా రైతునకును, వర్తకునకును లాభమును గలిగెను. కాని డెల్టాలోనే యుండి గింజ కొనుక్కొని తినువానికి కఱవు లేకయే కఱవు ధర వచ్చెను. పొరుగూరి యాకలి మన యంగడి కొలతను దగ్గించుట యిట్టిదే.

ఆ క్షామము తరువాత 1880లో కమీషనువారు నివేదిక నిచ్చిరి. క్షామ నిబంధనలు పుట్టెను. మద్రాసు నిబంధనలలో నేతవారిని ఱాళ్లు కొట్టు పనికి బంపక, వారి మగ్గముపైననే పని కల్పించి బట్టను ప్రభుత్వమే కొనవలెనను నేర్పా టుండెను. ఱాళ్లు కొట్టిన చేయి పడుగు పట్టుటకు బనికిరాదని గ్రహించిన యా తెలివి మెచ్చదగినది.

పత్తి వచ్చి జొన్న తగ్గుట

ధర హెచ్చుటకు మఱియొక త్రోవ గలదు. వాన బాగుగ గురియవచ్చును, రైతు బాగుపడవచ్చును, ఐనను గింజ ప్రియము కావచ్చును. 1861లో అమెరికాలో అంతర్యుద్ధ మారంభమై నాలుగేండ్లు సాగెను. ఆ దేశపు పత్తి లాంకషైరు మిల్లులకు రాక నిలిచెను. వారు మన దేశముమీద బడిరి. గుంటూరు సీమ పత్తి కాకినాడ రేవునుండి యెగుమతి యగుటవలన వర్తకములో 'కోకనాడ' పత్తి యని పేరొందినది. దాని ధర ఎన్నడు నెఱుగని యెత్తున కెక్కెను. జొన్న చల్లెడి రేగడిలో పత్తి గింజ పడెను. ఇందు రైతును నిందింప బనిలేదు; ఎవనికైన నెక్కువ వచ్చు పంటయే యిష్టము. ఆ దశాబ్దిలో మద్రాసు రాజధాని యంతటను ధాన్యపు ధరలును హెచ్చెను.

దీనిచే నేతవానికి రెండువైపుల దెబ్బ తగిలెను. పత్తి ప్రియమైనందున నూలు ప్రియమయ్యెను. పత్తికి నేల పోయినందున జొన్న ప్రియమయ్యెను.  తన యింటిముందు చేనిలో పూచిన పత్తి తనకందక సముద్రము దాటిపోవుచుండగా చూచుచు గూర్చుండుట మనవారి కప్పుడు మొదలయ్యెను. 1920 దశాబ్దమునుండి వర్జీనియా పొగాకును, పిమ్మట మిరపయు నిట్లే జొన్నచేల నాక్రమించెను. డబ్బు పంట వచ్చిన గ్రామమున పాతర పూడిపోయెను. రైతు చేతిలో నోట్లుండెను. ఊరిలో గింజ మాత్రము లేకుండెను. చెడ్డయేట నోట్లు పట్టుకొని రైతును, మగ్గము వదలి నేతవాడును ఒక్క యంగడిముందే నిలువవలసి వచ్చెను.

యుద్ధముల నాటి ధరలు

1918లో మొదటి ప్రపంచయుద్ధ మింకను సాగుచుండెను. రైలుపెట్టెలు యుద్ధసామగ్రికి బోయెను, బర్మా బియ్యము తగ్గెను, వానలు తప్పెను, విషజ్వరము వ్యాపించెను. మద్రాసు రాజధానిలో బెక్కు పట్టణములలో ఆకలిగొన్న జనులు ధాన్యపు కొట్లను దోచిరి. జనులు కోమటిని నిందించిరి. సరకు దాచిన వర్తకులు లేకపోలేదు. దాచుట ధరను మఱింత యెక్కించును. కాని వర్తకుడు దాచుట ఎప్పుడు? రేపు నేటికంటె ప్రియమని తోచినప్పుడే. ఆ తోచుటకు గారణ మంగడికి వెలుపల నుండును. కొట్టు పగులగొట్టినవారికి ఒక పూట గింజ దొరకెను. మఱునాటినుండి యా యూరికి సరకు దెచ్చువాడే లేకపోయెను.

1942 మార్చిలో రంగూను జపానువారి వశమయ్యెను. ఏటేట పది లక్షల టన్నులకు మించి మన దేశమునకు వచ్చుచుండిన బర్మా బియ్యము ఒక్కసారిగా నిలిచెను. యుద్ధవ్యయమునకై నోట్లు విరివిగా ముద్రింపబడెను. రూపాయి పలుచనైనకొలది కుంచము చిన్నదయ్యెను. ఒక మండలమునుండి మఱొక మండలమునకు ధాన్యము పోరాదని నిషేధము, రైతుపై లెవీ, పట్టణములలో రేషను కార్డు వచ్చెను. 1943లో బట్టకును నూలునకును కంట్రోలు వచ్చెను. నూలు కార్డు, బియ్యపు కార్డు రెండును చేతబట్టుకొని నేతవాడు రెండు బారులలో నిలుచుట ఆ తరమువారికి మఱపురాని సంగతి. 1952లో రాజాజీగారు మద్రాసు రాష్ట్రమున ధాన్యపు కంట్రోలును దొలగించువఱకు నది కొనసాగెను.

ఆ 1943లోనే వంగదేశమున ఇరువది ముప్పది లక్షలమంది యాకలికి బలియైరి. దానిని బరిశీలించి అమర్త్యసేనుగారు 1981లో నొక గ్రంథము వ్రాసిరి. ఆ యేట వంగదేశమున ధాన్యము అంతగా తక్కువ కాలేదనియు, గింజ కొను శక్తి నశించిన కూలివారు, బెస్తలు, చేతిపనులవారే మడిసిరనియు నాయన చూపిరి. ఎవడు తానమ్ము వస్తువునకు బదులుగా చాలినంత గింజ పొందలేడో వాడు నిండిన కొట్టుముందే చచ్చునని తాత్పర్యము. పెద్ద పండితుడు లెక్కలతో చూపిన యీ విషయము మన తాతలకు రూపాయి కెన్ని కుంచములను ప్రశ్నలోనే తెలిసియుండెను.

ధర పెరుగకయే వచ్చిన యాకలి

స్వాతంత్ర్యానంతరము ఈ సీమ రూపు మాఱెను. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967లో కాలువలకు నీరు వదలబడెను. కుడికాలువ పల్నాటి మెట్టకు నీరు దెచ్చెను. జొన్నకూటిసీమ వరియన్నము దిన నారంభించెను. 1983లో ప్రభుత్వమువారు కిలో రెండు రూపాయలకు బియ్యము నిచ్చిరి. 2013 నాటి ఆహారభద్రతా చట్టమును, 2023 జనవరి మొదలు ఉచితముగ నిచ్చు బియ్యమును దాని వెనుక వచ్చినవి. నందన సంవత్సరపు ధర యిక రాదు. ఇది సామాన్యమైన మేలు కాదు, కృతజ్ఞతతో స్మరింపదగినది.

ఐనను 1991లో నేమి జరిగెను? నూలు ఎగుమతులు పెరిగెను; చిలపనూలు ధర విపరీతముగా హెచ్చెను. బట్ట ధర దానితో గూడ హెచ్చలేదు. మగ్గములు నిలిచెను. చీరాల ప్రాంతమున, గుంటూరు, ప్రకాశము మండలముల నేతపల్లెలలో ఆకలిచావులు సంభవించెనని పత్రికలు వ్రాసెను. అంగళ్లలో బియ్యము లేకపోలేదు. కాలువలలో నీరు లేకపోలేదు. రేగడిలో పత్తి పండకపోలేదు. పత్తిసీమ నడుమ, వరిసీమ ప్రక్కను, బట్టనేయువాడు కూడు లేక పోయెను. కూటిగింజ ధర యెంతయని యడిగి తృప్తిపడువారికి ఈ చావులు బోధపడవు. ఒక చీరకు ఎన్ని కుంచములని యడిగినవారికే బోధపడును.

ఆ పత్తి పండించిన రైతు సుఖపడెనా? అదియు లేదు. 1987-88లో తెల్లదోమ పడి పంట నశించి, పురుగుమందుల యప్పు తీర్చలేక ఈ మండలములలోనే పత్తిరైతులు పెక్కుమంది ప్రాణములు తీసికొనిరి. 2022లో పత్తి ధర ఖండికి లక్ష రూపాయలు దాటినప్పుడు రైతు సంతోషించెను, మగ్గము మూల్గెను. పత్తి ధర పడినయెడల రైతు మూల్గును. కావున రైతును నేతవానిని ఎదురుబొదురుగా నిలుపు మాటలు మన సభలలో విననగుచున్నవి గాని, ఇరువురి ధరయు నిరువురికిని దూరమైన చోటులలో నిర్ణయింపబడుచున్నదని గుర్తింపవలెను.

ఈ దూర మెంత పెరిగినదో యొక్క నిదర్శనము చెప్పెదము. బాపట్లలో రూపొంది 1986లో విడుదలయైన సాంబమసూరి వరి, అనగా బి.పి.టి. 5204, నేడు దేశమెల్ల దిను బియ్యము. 2023 జూలై 20వ తేదీన భారతప్రభుత్వము తెల్లబియ్యపు ఎగుమతిని నిషేధింపగా, అమెరికాలోని మన తెలుగువారు దుకాణములముందు బారులు తీఱిరి. కొన్నిచోట్ల మనిషికొక్క సంచియే యనిరి. 2024 సెప్టెంబరులో నిషేధము తొలగెను. ఒకనాడు లంబాడీ యెద్దు నడుచునో నడువదో యనుదానిపై నాధారపడిన గింజ ధర నేడు ఢిల్లీలో వ్రాయు నొక కాగితముపై నాధారపడుచున్నది.

మన కర్తవ్యము

ఇంతవఱకు చెప్పినదానిని క్రోడీకరింతుము. కూటిగింజ ధర వాన తప్పుటచే హెచ్చును. దారి లేకుండుటచే హెచ్చును. దారి యుండి గింజ వెలుపలికి బోవుటచే హెచ్చును. నేల వేఱు పంటకు బోవుటచే హెచ్చును. రూపాయి పలుచనగుటచే హెచ్చును. హెచ్చునను భయముచేతనే హెచ్చును. వీనిలో నొక్కటియు మన చేతిలోనిది కాదు. మన చేతిలోనిది మఱియొకటి.

లెక్కకొఱకు ఒక చీర కూలి రెండు రూపాయలనియు, జొన్నలు రూపాయికి అయిదు కుంచములనియు ననుకొందము. చీరకు పది కుంచములు వచ్చును. జొన్నలు ప్రియమై రూపాయికి మూడు కుంచములైనచో చీరకు ఆఱే. జొన్న ధర యట్లేయుండి కూలి రూపాయిన్నరకు దిగినచో ఏడున్నర. కూలియు ధరయు నట్లేయుండి, నూలు దొరకక మూడు చీరలు నేయవలసిన చోట నొక్కటియే నేసినచో ముప్పది కుంచముల యింటికి పది. ఈ మూడింటిలో మిక్కిలి క్రూరమైనది మూడవది. అంగడి ధరల పట్టికలో నది కనబడనే కనబడదు. 1991లో మనకు దగిలిన దెబ్బ యిదియే.

కావున మేము మహాసభవారి యెదుట మూడు ప్రార్థనలు చేయుచున్నాము. మొదటిది: మన వార్షిక నివేదికలో ప్రతి నేతగ్రామమునకును ఒక పట్టిక చేర్పవలెను. మంగళగిరి చీరకు, చీరాల బట్టకు ఆ నెల కూలి యెంత, ఆ కూలికి బియ్యము, కందిపప్పు, నూనె యెంత వచ్చును, నెలలో నెన్ని దినములు మగ్గమాడెను అను మూడు సంగతులు చాలును. పదియేండ్లు వ్రాసినచో ప్రభుత్వమువారి ముందుంచుటకు తీర్మానములకంటె బలమైన సాధనమగును. నందన కఱవునందు మనవారి లెక్క లేకుండ బోయినట్లు మరల బోగూడదు.

రెండవది: ధాన్యనిధి. బియ్య ముచితముగా వచ్చుచుండగా ధాన్యనిధి యేల యని యడుగవచ్చును. పప్పు, నూనె, పొయ్యిఖర్చు, పిల్లల పుస్తకములు ఉచితముగ వచ్చుటలేదు గదా! మాఘ ఫాల్గునములలో పంట చౌకగ నున్నప్పుడు అపరాలు మొదలగునవి సంఘము కొని నిలువచేసి, ఆషాఢము మొదలు మగ్గము నిలిచిన నెలలలో కొన్న ధరకే యిచ్చి, కార్తికమునకు పిమ్మట వాయిదాలలో రాబట్టుకొనవలెను. ఇందులో నాగు లేదు, వడ్డీ లేదు. ఇది పూర్వపు పాతరయే. నేలలో గాక సంఘమున నున్న పాతర.

మూడవది: నూలునిధి. 1935లో మద్రాసులో నేతవారి రాష్ట్ర సహకార సంఘమును, 1976లో ఆప్కోయు వెలసినవి. మన యూరి సహకారసంఘములు కొన్ని బాగుగ నడచినవి, కొన్ని పేరునకే మిగిలినవి. బాగుగ నడచినవానిలో రెండు మూడు నెలల నూలు ముందుగ నుంచుకొన్న సంఘములు ధర యెక్కినప్పుడు మగ్గము నాపవలసిన యగత్యము తక్కువ. పోషక మహాశయులు సభకు పందిరికి, విందుకు, ఊరేగింపునకు ఇచ్చు విరాళములలో సగమును నూలునిధికి మరలించినచో, ఆ విందును మన కులపు పేదయిల్లు సంవత్సరమెల్ల గుడుచును.

ఈ మూడును మనము చేసికొనదగినవి. ఎగుమతి నిషేధము మనవలన గాదు, అమెరికా యుద్ధము మనవలన నిలువదు, వాన మన మాట వినదు. కాని వానకాలమున మన వీథిలో నొక మగ్గము నిలిచినప్పుడు ఆ యింట పొయ్యి నిలువకుండ జేయుట మనవలన నగును. తామరతూళ్ల నారతో దేవతలకు బట్టలు నేసిన భావనాఋషి సంతతివారమని మనము చెప్పుకొందుము. దేవతలకు బట్ట కట్టిన కులము తన బిడ్డకు గూడు పెట్టుకొనలేదన్న మాట మరల పత్రికల కెక్కకుండుగాక యని మా ప్రార్థన. వచ్చు మహాసభకు మొదటి పట్టికయైనను ఈ సంచికలో నచ్చుపడునని యాశించుచు, ఇంతటితో విరమించుచున్నాము.